ఖున్సా హక్కులు: ఫిఖహ్ గ్రంథాల నుండి నేటి చట్టాల దాకా

క్రీ.శ. 2023లో, ఏడు వారాలైనా నిండకముందే, ఉపఖండంలోని రెండు న్యాయస్థానాలు ఒకే విషయానికి సంబంధించి రెండు తీర్పులు ఇచ్చాయి. మే 19న పాకిస్తాన్ ఫెడరల్ షరీఅత్ కోర్టు 2018 నాటి ఒక చట్టంలోని ముఖ్యమైన సెక్షన్లు ఇస్లామీయ ఆదేశాలకు విరుద్ధమని ప్రకటించింది. వ్యక్తి తన లింగాన్ని తానే నిర్ణయించుకొని ప్రభుత్వ పత్రాలలో నమోదు చేయించుకోవచ్చునని ఆ సెక్షన్లు చెబుతున్నాయి. జులై 6న హైదరాబాదులో తెలంగాణ హైకోర్టు నిజాం కాలం నాటి 1329 ఫస్లీ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. హిజ్రాల పేర్లను పోలీసు రిజిస్టరుకు ఎక్కించమన్న చట్టమది. మొదటి తీర్పు హక్కునిచ్చిన చట్టాన్ని కుదించింది. రెండవది హక్కును హరించిన చట్టాన్ని తొలగించింది.

పైకి ఇవి ఎదురెదురుగా కనిపించినా వాటి మూలంలో ఉన్న ప్రశ్న ఒక్కటే. ఒక మనిషి పురుషుడో స్త్రీయో తేలనప్పుడు, లేదా ఆ మనిషి చెప్పేదానికీ శరీర లక్షణాలకూ పొంతన లేనప్పుడు ఎవరి మాట చెల్లాలి? అది తేలేలోగా ఆ మనిషికి రావలసిన వారసత్వం, అందవలసిన వైద్యం, చివరకు జరగవలసిన గుస్ల్, జనాజా ఏమి కావాలి?

ఈ ప్రశ్న పాశ్చాత్య దేశాల నుండి నిన్న మొన్న దిగుమతి అయినదని కొందరు అనుకుంటారు. షరీఅత్‌లో దీనికి కాదు అన్న ఒక్క మాట తప్ప వేరే సమాధానం లేదని మరికొందరు అనుకుంటారు. ఫిఖహ్ గ్రంథాలను తెరిచి చూస్తే రెండు అభిప్రాయాలూ నిలవవు. ఇమామ్ సరఖ్సీ (రహ్మ) 'మబ్సూత్'లోనూ, హి. 593లో మరణించిన ఇమామ్ మర్గీనానీ (రహ్మ) 'హిదాయా'లోనూ ఈ విషయానికి ప్రత్యేకంగా 'కితాబుల్ ఖున్సా' అనే అధ్యాయమే ఉంది. ఇబ్నె ఖుదామా (రహ్మ) 'ముగ్నీ'లో హంబలీ మస్లక్ ప్రకారం దీనిని వివరించారు. మన మదరసాలలో నేటికీ 'హిదాయా' పాఠ్యగ్రంథమే. అయితే ఈ అధ్యాయం దాదాపు గ్రంథాంతంలో ఉండడం వల్ల అక్కడి దాకా వెళ్ళే విద్యార్థులు తక్కువ.

పేర్లలోని గందరగోళం

చర్చకు ముందు పదాలను విడదీసుకోవాలి. ధర్మవేత్తల పరిభాషలో 'ఖున్సా' అంటే పుట్టుకతోనే స్త్రీ పురుష అవయవాలు రెండూ ఉన్న వ్యక్తి, లేదా రెండూ లేని వ్యక్తి. లక్షణాలు ఏ విధంగానూ తేలకపోతే 'ఖున్సా ముష్కిల్' అంటారు. 'ముఖన్నస్' అంటే నడకలో, మాటలో స్త్రీని పోలిన పురుషుడు. 'ఖసీ' అంటే వృషణాలు తొలగించబడినవాడు. రాజాస్థానాలలో ఖ్వాజాసరాలుగా పనిచేసినవారిలో వీరే ఎక్కువ. ఇక 'హిజ్రా' అన్నది శరీర లక్షణానికి పేరు కాదు. గురువు, చేలా సంబంధాలతో కలిసి జీవించే ఒక సమాజానికి పేరు. పై మూడు రకాలవారూ అందులో ఉండవచ్చు. నేడు వాడుకలోకి వచ్చిన 'ట్రాన్స్‌జెండర్' అన్న మాట వీటిలో దేనికీ సరిగ్గా సరిపోదు. మన తెలుగు అనువాదాలలో వీటన్నిటికీ కలిపి 'నపుంసకుడు' అన్న ఒక్క మాటే వేసిన సందర్భాలున్నాయి. ఒకరి గురించి చెప్పిన హుకుం మరొకరికి అంటగట్టే పొరపాటు అక్కడే మొదలవుతుంది.

ఉదాహరణకు ముఖన్నస్‌ల విషయమే చూడండి. స్త్రీలను అనుకరించే పురుషులనూ, పురుషులను అనుకరించే స్త్రీలనూ దైవప్రవక్త (స) శపించారని సహీహ్ బుఖారీలో ఉంది. మరోవైపు, దివ్య ఖుర్ఆన్ సూరయె నూర్ 31వ ఆయత్ స్త్రీల పట్ల కోరిక లేని సేవకులకు పర్దా విషయంలో సడలింపునిచ్చింది. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఇంటికి ఒక ముఖన్నస్ వచ్చిపోతుండేవాడు. అతడు ఒక స్త్రీ శరీరాన్ని వర్ణించడం విన్న తరువాతనే ఇటువంటివారిని లోపలికి రానీయవద్దని ప్రవక్త (స) ఆదేశించారు. ఇమామ్ నవవీ (రహ్మ) సహీహ్ ముస్లిం వ్యాఖ్యానంలో ముఖన్నస్‌లను రెండు విధాలుగా విభజించారు. పుట్టుకతోనే ఆ స్వభావం ఉన్నవాడిపై నింద లేదు, పాపం లేదు. కావాలని ఆ వేషం వేసుకొనేవాడే నిందార్హుడు. అంటే మనిషి పుట్టుకకూ మనిషి చేసిన పనికీ మధ్య వారు గీత గీశారు.

నిర్ణయించే విధానం

ఖున్సా విషయంలో తీర్పు చెప్పవలసిన అవసరం ఇస్లాంకు ముందే అరబ్బులకు ఎదురైంది. ఇబ్నె హిషాం తన సీరత్ గ్రంథంలో ఒక సంఘటనను ఉల్లేఖించారు. అరబ్బులు తగవులు తెచ్చుకొనే పెద్దమనిషి ఆమిర్ బిన్ జరిబ్. ఒకసారి ఆయన ఎదుటికి ఖున్సా తగవు వచ్చింది. సమాధానం తోచక గడువు అడిగి, రాత్రంతా నిద్రలేకుండా గడిపాడు. గొర్రెలు కాసే బానిస పిల్ల సుఖైలా సంగతి అడిగి తెలుసుకొని, మూత్రం వచ్చే మార్గాన్ని బట్టి తీర్పు చెప్పమని సూచించింది. ఆమిర్ అలాగే చేశాడు. ఇస్లాంలోనూ ఆ పద్ధతే నిలిచింది. దీనిపై ప్రవక్త (స) మాటగా చెప్పే హదీసు పరంపర బలహీనమైనదని హదీసువేత్తలు అన్నప్పటికీ, హజ్రత్ అలీ (రజి) తీర్పుగా ఇది ప్రసిద్ధం.

మూత్రం రెండు మార్గాలనుండీ వస్తే ముందు వచ్చిన మార్గాన్ని పరిగణించాలి. రెండూ ఒకేసారైతే ఎక్కువ దేనినుండి వస్తుందో చూడాలని ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అన్నారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దీనికి అంగీకరించలేదు. మూత్రాన్ని తూకం వేసే ఖాజీని ఎక్కడైనా చూశావా అని శిష్యుణ్ణి అడిగారని చెబుతారు. తేలకపోతే యుక్తవయస్సు దాకా ఆగాలి. గడ్డం వస్తే పురుషుడు. వక్షోజాలు, రుతుస్రావం కనిపిస్తే స్త్రీ. ఏదీ స్పష్టం కాకపోతే ముష్కిల్.

వ్యక్తి సొంత మాట సంగతేమిటి? నేటి చర్చంతా దీని చుట్టూనే తిరుగుతున్నది గనుక 'హిదాయా' సమాధానాన్ని జాగ్రత్తగా గమనించాలి. లక్షణాలను పరిశీలించి ముష్కిల్ అని నిర్ధారించిన తరువాత ఆ వ్యక్తి నేను పురుషుణ్ణి అనో, స్త్రీని అనో అంటే ఆ మాట చెల్లదు. అది నిదర్శనానికి విరుద్ధమైన వాదన. అలా నిర్ధారణ కాని స్థితిలో మాత్రం ఆ మాటను అంగీకరించాలి. తన స్థితి తనకు తెలిసినంతగా ఇతరులకు తెలియదు. కాబట్టి సొంత మాటకు ఫిఖహ్‌లో అసలు స్థానమే లేదనడం సరికాదు. అన్నిటినీ మించిన స్థానం దానికి ఉందనడమూ సరికాదు.

సందేహం ఉన్నా హక్కు ఆగదు

ఈ అధ్యాయంలో నిర్ణయించే విధానం కొన్ని వాక్యాలలో ముగుస్తుంది. నిర్ణయం కానప్పుడు ఏమి చేయాలన్నదే మిగిలిన భాగమంతా. నమాజులో ఖున్సా ముష్కిల్ పురుషుల వరుసల వెనుక, స్త్రీల వరుసల ముందు నిలబడాలి. మస్జిదుకు రావద్దని ఎవరూ అనలేదు. స్థితి తేలకముందే మరణిస్తే గుస్ల్ ఇవ్వడానికి పురుషుడికీ స్త్రీకీ వీలులేదు గనుక తయమ్ముం చేయించాలి. శవాన్ని అలా వదిలేయడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఇహ్రాంలో ఏ దుస్తులు ధరించాలన్న ప్రశ్నకు ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) తనకు తెలియదని నిజాయితీగా చెప్పారు. ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) స్త్రీల దుస్తులు ధరించాలన్నారు. హజ్ మానుకొమ్మని మాత్రం ఇద్దరిలో ఎవరూ అనలేదు.

వారసత్వంలో లెక్క మరింత సూక్ష్మం. ఒక వ్యక్తి ఒక కుమారుణ్ణి, ఒక ఖున్సా సంతానాన్ని వదిలి మరణించాడనుకుందాం. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ప్రకారం ఖున్సాకు రెండు వాటాలలో తక్కువది ఖాయమవుతుంది: మూడు భాగాలలో కుమారునికి 2, ఖున్సాకు 1. ఇమామ్ షఅబీ (రహ్మ) అభిప్రాయం వేరు; పురుషుని వాటాలో సగం, స్త్రీ వాటాలో సగం కలిపి ఇవ్వాలన్నారు. ఆ మాటను ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) లెక్కగట్టి 12 భాగాలలో కుమారునికి 7, ఖున్సాకు 5 అన్నారు. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) లెక్కలో 7 భాగాలకు 4, 3 వస్తాయి. ఎంత ఇవ్వాలన్నదానిపై ముగ్గురూ మూడు దారులు పట్టారు. ఇవ్వకుండా ఉండవచ్చునా అన్న ప్రశ్నే వారికి రాలేదు.

వైద్యానికి సంబంధించిన ఒక మస్అలా ఇంకా గమనించదగినది. యుక్తవయస్సుకు చేరువవుతున్న ఖున్సాకు ఖత్నా చేయాలి. పురుషుడు చేస్తే ఆ పిల్లవాడు స్త్రీ కావచ్చు. స్త్రీ చేస్తే పురుషుడు కావచ్చు. రెండు విధాలా పర్దాకు భంగమే. దీనికి ఆనాటి సమాజ వ్యవస్థలో ధర్మవేత్తలు కనిపెట్టిన మార్గమేమంటే, ఖున్సా సొమ్ముతో ఒక బానిస స్త్రీని కొని ఆమెచేత ఖత్నా చేయించాలి. యజమాని విషయంలో ఆమెకు పర్దా అడ్డురాదు. ఖున్సా వద్ద సొమ్ము లేకపోతే ఇమాము, అనగా ప్రభుత్వాధినేత, బైతుల్ మాల్ ధనంతో ఆమెను కొని, పని ముగిసిన తరువాత అమ్మి ఆ సొమ్మును తిరిగి బైతుల్ మాల్‌లో జమ చేయాలి. బానిసత్వం గతించింది, అది గతించడమే మేలు. అయితే ఈ మస్అలాలోని సూత్రం గతించలేదు. సందేహం ఉన్నదన్న కారణంతో చికిత్స ఆగకూడదు. వ్యక్తి మర్యాదకు భంగం కలగకూడదు. పేదవారైతే ఖర్చు ప్రజల ధనాగారం భరించాలి.

రిజిస్టరు వచ్చిన తరువాత

గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ పురమాయించగా చార్లెస్ హామిల్టన్ 'హిదాయా'ను పారసీ అనువాదం ఆధారంగా ఆంగ్లంలోకి తెచ్చాడు. అది 1791లో వెలువడింది. అందులో ఖున్సా అధ్యాయం కూడా ఉంది. బ్రిటిష్ న్యాయస్థానాలు దశాబ్దాల పాటు ఆ అనువాదంపై ఆధారపడ్డాయి. అయినా 80 ఏళ్ళ తరువాత, 1871లో, నేరస్థ జాతుల చట్టం చేసినప్పుడు ప్రభుత్వం దానిలోని స్ఫూర్తిని కాస్త కూడా తీసుకోలేదు. ఆ చట్టం రెండవ భాగం 'యూనక్' అన్న ఒక్క పేరు కిందికి అందరినీ చేర్చింది. తాము నపుంసకులమని ఒప్పుకొన్న పురుషులు, లేదా వైద్య పరీక్షలో అలా తేలిన పురుషులు ఆ పేరు కిందికి వస్తారు. పిల్లలను ఎత్తుకుపోతారనీ, అసహజ నేరాలు చేస్తారనీ అనుమానం ఉంటే చాలు, వారి పేర్లు రిజిస్టరుకు ఎక్కుతాయి. రిజిస్టరుకు ఎక్కినవారు మైనరుకు సంరక్షకులు కారాదు, దానం చేయరాదు, వీలునామా వ్రాయరాదు, దత్తత తీసుకోరాదు.

ఖున్సాకు ఎంత వాటా రావాలో ఫుఖహాలు 12 భాగాలు చేసి లెక్కగట్టారు. ఈ చట్టం రిజిస్టరుకు ఎక్కినవారి చేతిలోని ఆస్తిపై వారికే అధికారం లేకుండా చేసింది. ఫిఖహ్‌లో శరీర పరీక్ష హక్కు ఎంతో తేల్చడానికి. ఇక్కడ వైద్య పరీక్ష పోలీసు జాబితాను నింపడానికి.

1919లో హైదరాబాదు సంస్థానంలో వచ్చిన 1329 ఫస్లీ చట్టం ఈ మూసలోనిదే. హైదరాబాదు నగరంలో నివసించే హిజ్రాల పేర్లు, చిరునామాలు రిజిస్టరులో ఉంచాలి. రిజిస్టరులో ఉన్నవారు స్త్రీల దుస్తులలోనో, నగలతోనో వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడిపాడినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. రెండేళ్ళ దాకా జైలు. ముస్లిం పాలకుని సంస్థానంలో, దారుల్ ఉలూముల మధ్య, ఈ చట్టం బ్రిటిష్ నమూనానుండి వచ్చిందే గాని 'హిదాయా'నుండి రాలేదు. సంస్థానం పోయి, ఆంధ్రప్రదేశ్ వచ్చి, తెలంగాణ ఏర్పడినా చట్టం మాత్రం పుస్తకాలలో నిలిచే ఉంది. 2018లో దానిని సవాలు చేస్తూ వ్యాజ్యం దాఖలైంది. 2023లో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కర్ రెడ్డిల ధర్మాసనం రాజ్యాంగం 14, 21 అధికరణాలకు అది విరుద్ధమని తేల్చింది. చట్టం వచ్చి అప్పటికి 104 ఏళ్ళు.

ఆధునిక ఫత్వాలు, చట్టాలు

ఇరవయ్యవ శతాబ్దంలో శస్త్రచికిత్స, హార్మోను చికిత్స అందుబాటులోకి రావడంతో పాత ప్రశ్న కొత్త రూపం ధరించింది. ఈజిప్టులో 1981లో షేఖ్ జాదుల్ హఖ్, 1988లో ముఫ్తీ ముహమ్మద్ సయ్యద్ తంతావీ ఫత్వాలు ఇచ్చారు. శరీరంలో మరుగునపడిన స్త్రీత్వాన్ని గాని పురుషత్వాన్ని గాని వెలికితీయడానికి, నమ్మకమైన వైద్యుని సలహాపై శస్త్రచికిత్స ధర్మసమ్మతం. కేవలం మారాలన్న కోరికతో మాత్రం కాదు. ముఫ్తీ తంతావీ ముందుకు వచ్చిన ప్రశ్న అజ్‌హర్ విశ్వవిద్యాలయంలోని ఒక వైద్య విద్యార్థికి జరిగిన శస్త్రచికిత్స వల్ల పుట్టింది. ఆ ఫత్వాను అనుకూలురూ, వ్యతిరేకులూ తమ తమ వాదాలకు బలంగా చూపుకున్నారు. 1989లో మక్కాలోని ఫిఖహ్ అకాడమీ కూడా ఇంచుమించు ఇదే చెప్పింది. అవయవాలు పూర్ణంగా ఉన్నవారికి మార్పిడి నిషిద్ధం. రెండు లక్షణాలూ ఉన్నవారికి శస్త్రచికిత్స అయినా హార్మోను అయినా వ్యాధికి చికిత్సే గనుక ధర్మసమ్మతం.

ఇరాన్ వేరే దారి పట్టింది. ఆయతుల్లా ఖుమైనీ 'తహ్రీరుల్ వసీలా'లో ఇటువంటి చికిత్స నిషిద్ధం కాదని వ్రాశారు. 1980లలో ఆయన ఇచ్చిన ఫత్వా తరువాత న్యాయవైద్య పరీక్ష, కోర్టు అనుమతి, శస్త్రచికిత్స, ఆపైన కొత్త గుర్తింపు పత్రాలు అన్న పద్ధతి స్థిరపడింది. అయితే పత్రం కావాలంటే కత్తి కిందికి వెళ్ళక తప్పని పరిస్థితి ఏర్పడిందన్న విమర్శ దీనిపై ఉంది.

పాకిస్తాన్‌లో 2009లో సుప్రీం కోర్టులో వ్యాజ్యం వేసినది ఇస్లామీయ న్యాయశాస్త్రవేత్త అస్లం ఖాకీ. దాని ఫలితంగా గుర్తింపు కార్డులు వచ్చాయి. 2018 చట్టం ఖున్సానూ, ఖ్వాజాసరానూ, ట్రాన్స్‌జెండర్ వ్యక్తినీ ఒకే నిర్వచనం కిందికి తెచ్చి, అందరికీ సొంత మాటే ప్రమాణమన్నది. ఆ చట్టంలో ఒక విశేషముంది. రెండింటిలో ఏదీ కానివారికి పురుషుని వాటా, స్త్రీ వాటా లెక్కించి సగటు ఇవ్వాలని వ్రాశారు. అది ఇమామ్ షఅబీ మాటే. 2023లో షరీఅత్ కోర్టు సొంత భావన ఆధారంగా లింగాన్ని నిర్ణయించడాన్ని, దానిపై ఆధారపడిన వారసత్వ సెక్షనును తోసిపుచ్చింది. అయితే ఖున్సాలకు రాజ్యాంగ హక్కులన్నీ ఉన్నాయనీ అదే తీర్పు చెప్పింది. దానిపై అప్పీళ్ళు వెళ్ళాయి.

మన దేశంలో 2014 ఏప్రిల్ 15న సుప్రీం కోర్టు నల్సా కేసులో, లింగ గుర్తింపుకు శస్త్రచికిత్స చేయించుకొని తీరాలనడం చట్టవిరుద్ధమని చెప్పింది. ఆసుపత్రులలో వీరికి వైద్యం అందేలా చూడాలని ప్రభుత్వాలను ఆదేశించింది. 2019లో పార్లమెంటు చేసిన చట్టం జిల్లా మేజిస్ట్రేటు ధ్రువపత్రాన్ని పెట్టింది. చికిత్స తరువాత పురుషుడనో స్త్రీ అనో మార్చుకోవడానికి వైద్యాధికారి పత్రం కూడా కావాలన్నది. ఇది నల్సా తీర్పుకు అనుగుణం కాదని అప్పట్లోనే విమర్శకులు అన్నారు. అదే ఏడాది ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు ఖున్సా శిశువులకు అవసరం లేని లింగ నిర్ణయ శస్త్రచికిత్సలు చేయరాదన్నది. ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం, ప్రాణాపాయ సందర్భాలను మినహాయించి, వాటిని నిషేధించింది. యుక్తవయస్సు లక్షణాల దాకా ఆగాలన్న ఫుఖహాల మాట ఇక్కడ గుర్తుకు రాకమానదు.

ఆసుపత్రి గుమ్మం వద్ద

2016 మేలో పెషావర్‌లో తుపాకీ గుళ్ళు తగిలిన ఒక ట్రాన్స్‌జెండర్ కార్యకర్తను ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. పురుషుల వార్డులో చేర్చాలా, స్త్రీల వార్డులో చేర్చాలా అన్న తర్జనభర్జనలో చికిత్స ఆలస్యమైందని సహచరులు ఆరోపించారు. గాయపడిన వ్యక్తి ప్రాణం దక్కలేదు. ఖున్సా ఖత్నా కోసం బైతుల్ మాల్ తలుపు తెరిపించిన ఫుఖహాలు ఈ దృశ్యాన్ని చూస్తే ఏమనేవారో ఊహించడం కష్టం కాదు.

సొంత మాట చాలునా, వైద్యుని పరీక్ష కావాలా, ఖాజీ తీర్పు కావాలా అన్న వాదం సాక్ష్యానికి సంబంధించినది. ఖున్సా వేరు, పూర్ణ శరీరం ఉండి మారాలనుకొనేవారు వేరు అన్న భేదాన్ని ఉలమాలలో అధిక సంఖ్యాకులు నేటికీ పాటిస్తున్నారు. ఆ భేదం మతగ్రంథాల ఆధారం గలదే. దానిపై వాదోపవాదాలు ఇంకా సాగుతాయి, సాగనీయవచ్చు. అయితే పూర్వపు ధర్మవేత్తలు సాక్ష్యంపై వాదం ముగిసే దాకా హక్కును నిలిపి ఉంచలేదు. వాటా ఇస్తూ, నమాజు వరుసలో చోటు చూపుతూ, చికిత్సకు దారి వెదుకుతూనే వాదించుకున్నారు. 1871 చట్టం, 1329 ఫస్లీ చట్టం దీనిని తలకిందులు చేశాయి: ముందు రిజిస్టరు, తరువాతే మనిషి. నేటి చట్టాలను బేరీజు వేసేవారు, ఏ పక్షం వారైనా, ఈ రెండు సంప్రదాయాలలో దేనిని కొనసాగిస్తున్నామో చూసుకోవాలి.

హైదరాబాదు హిజ్రాలలో ముస్లిం ఆచారాలు పాటించేవారు ఎందరో ఉన్నారు. వారు జబ్బుపడినప్పుడు వైద్యుని వద్దకు, మరణించినప్పుడు ఖబరస్తానుకు చేరవలసినవారే. ఆ ఖబరస్తాను గేటు తాళం చెవి మన కమిటీల చేతిలోనే ఉంటుంది. వారికి జనాజా ఎలా జరపాలన్న సమాధానం మన మదరసా అలమారలలో ఎనిమిది వందల ఏళ్ళ నాటి గ్రంథంలో వ్రాసే ఉంది.